తాళం ముందు, స్వరం తరువాత



ఈ సంగీత ఉపాధ్యాయుల సభ నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు వయొలిన్ గురించే మాట్లాడమంటారనుకున్నాను. "కాదండీ, మీరు కంప్యూటర్లో నొటేషన్ రాస్తున్నారట కదా, దాని సంగతి చెప్పండి" అన్నారు. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ విద్యలో నేను పండితుణ్ణి కాను. మొదలుపెట్టి రెండేళ్లయింది, అంతే. అయితే చెరువులో లోతెక్కడుందో గజ ఈతగాణ్ణి అడిగితే చెప్పలేడు, వాడికి అంతా ఒకటే. మొన్ననే నాలుగు గుక్కలు నీళ్లు మింగినవాడికి బాగా గుర్తుంటుంది. నేను ఆ రెండోరకం మనిషిని. ఆ గుక్కల కథే ఇవాళ చెబుతాను.

మా బడి వార్షికోత్సవానికి పిల్లలందరూ కలిసి వాయించాలని ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడ్డారు. నా దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లు నలుగురు. కీబోర్డు వాయించేవాళ్లు ఇద్దరు, గిటారు ఒకడు, ఫ్లూటు ఒకమ్మాయి. నా నలుగురూ స రి గ మ లు చూసి వాయిస్తారు. మిగతా నలుగురూ ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు తయారవుతున్నవాళ్లు. అయిదు గీతల స్టాఫ్ తప్ప వాళ్లు ఇంకోటి చదవలేరు. స్టాఫ్ నాకు చదవడం వచ్చు, రాయడం అంతంతమాత్రం. స్కేలు పెట్టి గీతలు గీసి, సరళీ స్వరాలు నాలుగు కాగితాల మీద చేత్తో రాశాను. రిహార్సల్లో ఫ్లూటు అమ్మాయి ఒకచోట వేరే స్వరం పలికింది. మందలించాను. పాపం, ఆ పిల్ల కాగితం నా ముందు పెట్టింది. తప్పు నాదే. ఒక చుక్క గీత మీద పడాల్సింది గీతల మధ్య పడింది. నాలుగు కాగితాలూ తీసి చూస్తే రెండింట్లో ఉంది, రెండింట్లో లేదు. వైటనర్ పెట్టి దిద్దుతుంటే కీబోర్డు వాయించే ఎనిమిదో తరగతి పిల్ల అంది, "మాస్టారూ, మ్యూజ్‌స్కోర్ వేసుకోండి. ఒకసారి దిద్దితే అందరి కాగితాల్లోనూ మారిపోతుంది. డబ్బులు కూడా కట్టక్కర్లేదు."

ఆ ఒక్క మాట నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

మ్యూజ్‌స్కోర్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జర్మనీలో వెర్నర్ ష్వేర్ అనే ప్రోగ్రామర్, అప్పటికే ఉన్న మ్యూజ్ అనే సంగీత ప్రోగ్రాం నుంచి నొటేషన్ రాసే భాగాన్ని 2002లో విడదీసి దీన్ని మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. నేను వాడేది నాలుగో వెర్షన్, అది 2022 డిసెంబరులో వచ్చింది. డబ్బు పెట్టి కొనుక్కునేవి సిబెలియస్, డొరికో ఉన్నాయి. ఫినాలే అని మరొకటుండేది, దాని సంగతి చివర్లో చెబుతాను. మీటల పేర్లలో తేడాలుంటాయి గానీ కొత్తవాడు పడే గోతులు దాదాపు అన్నింట్లోనూ ఇవే.

మొదటిరోజు తెర మీద ఖాళీ స్టాఫ్ వచ్చింది. స్వరాలు రాయాలంటే ముందు ఎన్ మీట నొక్కాలని ఆ పిల్ల చెప్పి వెళ్లింది. నొక్కాను. ఇక మనకు తెలిసిన విద్యే కదా అని ఎస్, ఆర్, జి, ఎం అని కొట్టుకుంటూ పోయాను. మనకు స అంటే ఎస్, రి అంటే ఆర్. దానికి అలా కాదు. ఎస్ అంటే స్లర్, అంటే రెండు స్వరాలను కలిపే వంపు గీత. ఆర్ అంటే రిపీట్, ఇంతకుముందు రాసిందాన్ని మళ్లీ రాయమని. జి కొడితే గాంధారం రాదు, పంచమం వస్తుంది. డి కొడితే ధైవతం రాదు, రిషభం వస్తుంది. ఇక నిషాదం కోసం ఎన్ కొట్టానా, రాసే పద్ధతిలోంచే బయటపడ్డాను. ఎన్ తలుపు లాంటిది, ఒకసారి నొక్కితే లోపలికి, మళ్లీ నొక్కితే బయటికి. పది నిమిషాల తరవాత తెర మీద మిగిలింది ఒక పంచమం, ఒక రిషభం, ఏవో వంపులు.

కాబట్టి మొట్టమొదట వేళ్లకు నేర్పాల్సిన సంగతి ఇది. సి షడ్జమం, డి రిషభం, ఇ గాంధారం, ఎఫ్ మధ్యమం, జి పంచమం, ఏ ధైవతం, బి నిషాదం. ముప్పై ఏళ్లుగా నోట్లో ఉన్న స రి గ మ లు వేళ్లలోకి రాకుండా ఆపడానికి నాకు వారం పట్టింది. కాగితం ముక్క మీద ఈ ఏడూ రాసి మానిటర్ అంచుకి అంటించుకున్నాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీరూ అంటించుకోండి.

ఇంకో మాట. పేరు పెద్దక్షరాల్లో రాయడం మర్యాద అనుకుని షిఫ్ట్ పట్టుకుని కొట్టేవాళ్లున్నారు, అందులో నేనొకణ్ణి. షిఫ్ట్‌తో కొడితే కొత్త స్వరం ముందుకు వెళ్లదు, వెనకటి స్వరం నెత్తిన ఎక్కుతుంది. స రి గ మ నాలుగూ ఒకే పుల్లకు గుచ్చిన మిరపకాయ బజ్జీల్లాగా ఒక నిలువున నిలబడ్డాయి. స్పీకర్లో అది వినపడ్డప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి "ఏం పగిలిందండీ?" అంది.

సరే, ఇవన్నీ మీటల గొడవలు, రెండు రోజుల్లో సర్దుకుంటాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నదీ అదే.

మనం పుస్తకంలో స్వరం రాసేటప్పుడు ఏం చేస్తాం? ముందు ప అని రాస్తాం. అది ఇంకో అక్షరకాలం నిలబడాలంటే పక్కన కామా పెడతాం. రెండు అక్షరాలు నిలబడాలంటే సెమీకోలన్. రెండో కాలమైతే పైన గీత గీస్తాం. అంటే ముందు స్వరం, తరవాత దాని కాలం. ఈ సాఫ్ట్‌వేర్ తలకిందులు. ముందు కాలం చెప్పు అంటుంది. అంకె 5 నొక్కితే క్రాచెట్, అంటే మనం ఒక అక్షరం అనుకుందాం. 6 నొక్కితే దానికి రెట్టింపు. 4 నొక్కితే సగం. అది చెప్పాకే సి, డి, ఇ. మళ్లీ మార్చి చెప్పేదాకా అదే కాలం నడుస్తుంది. మన అలవాటు ప్రకారం ముందు ప రాసేసి, తరవాత దాన్ని సాగదీయబోతే అక్కడే బోల్తా పడతాం.

ఎందుకంటే ఆ పేజీ మనకు ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీ కాదు. ప్రతి బార్ ముందే నిండి ఉంటుంది, విశ్రాంతి గుర్తుతో. నాలుగు అక్షరాల బార్ అంటే నాలుగు అక్షరాల మౌనం ముందే కూర్చుని ఉంది. మనం స్వరం రాస్తే ఆ మౌనంలో ఒక ముక్క పోయి స్వరం వస్తుంది. స్వరం తీసేస్తే మళ్లీ మౌనం వచ్చి కూర్చుంటుంది. డిలీట్ నొక్కితే స్వరం పోతుంది, కాలం పోదు. నేను డిలీట్ కొట్టి కొట్టి, ఆ విశ్రాంతి గుర్తు మీద కూడా కొట్టి, అది కదలకపోతే కంప్యూటర్ చెడిపోయిందనుకున్నాను. అది చెడిపోలేదు, తాళం వేస్తోంది. మనమైనా అంతే కదా. పాడేవాడు గొంతు పట్టేసి ఆగితే మృదంగం ఆగుతుందా? ఆవర్తనం నడుస్తూనే ఉంటుంది.

ఈ ఒక్కటి అర్థమైతే దిద్దుబాట్లలో సగం వాటంతట అవే అర్థమవుతాయి. రెండక్షరాల స్వరాన్ని ఒక అక్షరానికి కుదిస్తే పక్కన ఒక అక్షరం విశ్రాంతి మిగులుతుంది. ఒక అక్షరం స్వరాన్ని రెండుకు సాగదీస్తే అది పక్క స్వరాన్ని మింగేస్తుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం కొడితే మిగతావి జరిగి చోటిస్తాయి. ఇక్కడ ఎవరూ జరగరు. జరిగితే సమం తప్పుతుంది.

మధ్యలో ఒక స్వరం మరిచిపోయామనుకోండి. స రి గ మ రాయబోయి స గ మ ప అని బార్ నింపేసి ముందుకు వెళ్లిపోయాం. నేను ఎక్కడో చదివి కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని డి కొట్టాను. రి మధ్యలో దూరింది. ఆహా అనుకున్నాను. తరవాత చూస్తే ఆ బార్ మీద చిన్న ప్లస్ గుర్తు. అంటే ఆ బార్‌లో అయిదక్షరాలు ఉన్నాయని. చతురస్రం కాస్తా అక్కడొక్కచోట ఖండం అయిపోయింది. ఫ్లూటు అమ్మాయి దాన్ని అలాగే వాయించేది కూడా, ఆ పిల్లకు కాగితమే వేదం. సరైన దారి వేరు. గ దగ్గర నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరి స్వరం మీద నొక్కితే మధ్యవన్నీ నీలం రంగు పెట్టెలోకి వస్తాయి. కంట్రోల్ ఎక్స్‌తో కోసి, ఒక అక్షరం అవతల కంట్రోల్ వితో అతికించాలి. అప్పుడు ఏర్పడ్డ ఖాళీలో రి రాయాలి. కోసి అతికించడం వల్ల బార్ గీతలు కదలవు, స్వరాలే కదులుతాయి.

ఇప్పుడు అసలు సరళీ స్వరాల్లోకి వద్దాం. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, దయచేసి మనసులో వేళ్లు ఆడించండి.

మాయామాళవగౌళ, పదిహేనో మేళకర్త. షడ్జమం సి అనుకుంటే శుద్ధ రిషభం డి ఫ్లాట్, శుద్ధ ధైవతం ఏ ఫ్లాట్. మిగతావి తెల్ల మెట్లే. ఆది తాళాన్ని నాలుగేసి అక్షరాల రెండు బార్లుగా విడగొట్టుకున్నాను. మొదటి సరళీ స్వరం హాయిగా వచ్చింది. సి కొట్టాను. డి కొట్టి కింది బాణం ఒకసారి నొక్కాను. బాణం నొక్కితే అప్పుడే రాసిన స్వరం అర మెట్టు దిగుతుంది, డి కాస్తా డి ఫ్లాట్ అవుతుంది. ఇ, ఎఫ్, జి. ఏ కొట్టి కింది బాణం. బి, సి. స్పేస్ మీట నొక్కి విన్నాను. మా గురువుగారు వింటే కళ్లనీళ్లు పెట్టుకునేంత శుద్ధంగా ఉంది.

రెండో సరళీ స్వరం. స రి స రి, స రి, గ మ. మొదటి బార్: సి. డి, కింది బాణం. సి. డి, కింది బాణం. చెయ్యి లయలో పడింది, చకచకా రాసేశాను. స్పేస్ నొక్కితే వినిపించింది: స రి స స.

నా చెవులు నమ్మలేదు. మళ్లీ నొక్కాను. స రి స స. రెండో రి ఏమైపోయింది?

జరిగిందిది. స్టాఫ్ రాతలో ఒక నియమం ఉంది. బార్‌లో ఒకసారి ఫ్లాట్ గుర్తు పెడితే, ఆ బార్ ముగిసేదాకా అదే స్థానంలోని స్వరాలన్నింటికీ అది వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ నియమం తెలుసు. నేను రెండోసారి డి కొట్టగానే, ఈ బార్‌లో డి ఫ్లాటే కదా అని అది తనంతట తానే శుద్ధ రిషభం పెట్టింది. నేను చూడలేదు. అలవాటుగా కింది బాణం నొక్కాను. శుద్ధ రిషభం అర మెట్టు దిగితే ఏముంటుంది? షడ్జమం. ఇంకా తమాషా ఏమిటంటే, బార్ గీత దాటగానే ఆ ఫ్లాట్ చెల్లదు. రెండో బార్‌లో వచ్చే రి కి మళ్లీ బాణం కావాలి. ఆరక్షరాల్లో మూడు రి లు. మొదటిదానికి బాణం కావాలి, రెండోదానికి వద్దు, మూడోదానికి కావాలి. ఈ లెక్క తెలియక నేను ఒక సాయంత్రమంతా రెండో సరళీ స్వరం దగ్గరే కూర్చున్నాను. నా శిష్యుల్లో పదేళ్లొచ్చినవాళ్లు దాన్ని మొదటి వారంలో దాటేస్తారు.

దీనికి చక్కని వైద్యం ఉందని నెల తరవాత తెలిసింది. స్టాఫ్ మొదట్లోనే రాగానికి కావలసిన గుర్తులు పెట్టుకోవచ్చు. పాశ్చాత్య సంగీతంలో ఫ్లాట్లు ఒక వరస ప్రకారం వస్తాయి, ముందు బి, తరవాత ఇ, తరవాత ఏ, ఆ తరవాత డి. మాయామాళవగౌళకు కావలసినవి డి, ఏ మాత్రమే. వాళ్ల మామూలు పట్టికలో ఆ జత దొరకదు. కానీ మనకు కావలసిన గుర్తుల్ని మనమే కూర్చి పెట్టుకునే వీలు మ్యూజ్‌స్కోర్‌లో ఉంది. ఒకసారి డి మీద, ఏ మీద ఫ్లాట్లు పెట్టి దాచుకుంటే, ఇక డి కొడితే శుద్ధ రిషభమే వస్తుంది. బాణాల బాధ ఉండదు. మన మేళకర్తకు ఒక గుర్తుల కట్ట అన్నమాట. నా కంప్యూటర్లో ఇప్పుడు పదకొండు మేళాలకు కట్టలున్నాయి.

అయిదో సరళీ స్వరం దగ్గర ఇంకో గొయ్యి ఉంది. స రి గ మ, ప కామా, స రి. ప కు రెండక్షరాలు కాబట్టి 6 నొక్కి జి కొట్టాను, మళ్లీ 5 నొక్కి సి, డి. వినిపించింది ఏమిటి? ప తరవాత తార షడ్జమం! ఎందుకు? నేను సి అన్నాను గానీ ఏ స్థాయి సి అని చెప్పలేదు. అది దగ్గరి దారి చూసుకుంది. పంచమం నుంచి కింది షడ్జమానికి నాలుగు మెట్లు, పై షడ్జమానికి మూడే. పైకి ఎక్కేసింది. ఆ తరవాత రెండో ఆవర్తనం మొత్తం తారస్థాయిలో మొదలై, అతి తారంలో తేలింది.

అవరోహణలో చూడండి. స ని ద ప, మ కామా, స ని. అక్కడ మధ్యమం నుంచి షడ్జమానికి కిందికే దగ్గర. పైకి వెళ్లాల్సిన స కిందికి దిగింది. ఎక్కిన తప్పుకు దిగిన తప్పు సరిపోయి, పాఠం చివరి షడ్జమం ఉండాల్సిన చోటే ఉంది. మొదలు సరే, ముగింపు సరే, మధ్యలో పదిహేను స్వరాలు ఒక స్థాయి ఎక్కువ. చివరి బార్ చూసి బాగుందనుకుని వదిలేస్తే పట్టుబడని తప్పు ఇది. జమాఖర్చు రాసేవాళ్లకు ఇలాంటిది తెలుసు, రెండు తప్పులు కొట్టేసుకుని మొత్తం సరిపోవడం. దిద్దడం మాత్రం సులువు. ఎక్కిన మొదటి స్వరం మీద నొక్కి, షిఫ్ట్ పట్టుకుని అవరోహణలోని మ మీద నొక్కి, కంట్రోల్‌తో కింది బాణం ఒక్కసారి. పదిహేనూ ఒక స్థాయి దిగుతాయి. ఉత్త బాణం అర మెట్టు, కంట్రోల్ బాణం ఒక స్థాయి. ఈ రెండూ కలగాపులగం చేయకండి, నేను చేశాను, మాయామాళవగౌళ మొత్తాన్ని అర మెట్టు దించి కూర్చోబెట్టాను. కంట్రోల్ జెడ్ ఉంది కాబట్టి బతికాను. వెనక్కి తీసుకునే ఆ మీటకు మాత్రం దండం పెట్టాలి.

ఇప్పుడు మన శాస్త్రం తెలిసినవాళ్లకు నచ్చే ఒక విషయం. చెవికి సరిగ్గా ఉండి కంటికి తప్పుగా ఉండే రాత ఒకటుంది. శుద్ధ రిషభం కావాలి. డి కొట్టి కింది బాణం నొక్కవచ్చు, సి కొట్టి పై బాణం నొక్కవచ్చు. రెండూ వాయించేది ఒకే నల్ల మెట్టు. కానీ మొదటిది డి ఫ్లాట్, రెండోది సి షార్ప్. రెండోది రాస్తే కాగితం మీద స స గ మ అని కనిపిస్తుంది, రెండో స కు ఒక షార్ప్ గుర్తుతో. కీబోర్డు పిల్ల సరిగ్గానే వాయిస్తుంది గానీ దాన్ని చూసి రాగం పోల్చుకోలేదు. పాశ్చాత్యులకు ఇది పెద్ద వ్యాకరణ విషయం. మనకు కొత్తా? ఒకే స్వరస్థానాన్ని షట్శ్రుతి రిషభం అని ఒక మేళంలో, సాధారణ గాంధారం అని ఇంకో మేళంలో పిలుస్తాం. పన్నెండు స్థానాలకు పదహారు పేర్లు పెట్టుకున్నవాళ్లం. రి ఉన్నచోట రి అనాలి, గ ఉన్నచోట గ అనాలి, మెట్టు ఒకటే అయినా సరే. సాఫ్ట్‌వేర్‌లో జె మీట నొక్కితే స్వరం కదలకుండా పేరు మాత్రం మారుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ట్రినిటీ పిల్లల కంటే మనమే ముందున్నాం. మిడి కీబోర్డు తగిలించి వాయిస్తూ రాసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నల్ల మెట్టు నొక్కితే మీ మనసులో రి ఉందో గ ఉందో దానికెలా తెలుస్తుంది?

మన రాతను వాళ్ల గీతల మీదికి ఎక్కించే ప్రయత్నం ఇవాళ్టిది కూడా కాదు. చిన్నస్వామి మొదలియార్ గారు 1893లోనే మద్రాసులో కర్ణాటక కృతుల్ని స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేయడం మొదలుపెట్టారు. ఆయన ప్రోద్బలంతోనే సుబ్బరామ దీక్షితులు గారు తమ వంశంలో ఉన్నదంతా గ్రంథంగా పెట్టడానికి పూనుకున్నారు. అది 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. తమిళదేశంలో ఒక జమీందారీ ఊళ్లో, తెలుగు లిపిలో, గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టి మరీ అచ్చు వేశారు. సీసపు అక్షరాలతో. ఒక కంపిత గుర్తు తప్పు పడితే ఆ కూర్పరి దాన్ని ఎలా వెతికి, ఎలా పీకి, ఎలా దిద్ది ఉంటాడో ఒక్కసారి ఊహించండి. కంట్రోల్ జెడ్ నొక్కుతున్నప్పుడల్లా నాకు ఆ పేరు తెలియని మనిషి గుర్తొస్తాడు.

గమకాల మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం దాచుకోను. తోడి గాంధారాన్ని ఈ సాఫ్ట్‌వేర్‌లో రాయబోకండి. నేను ప్రయత్నించాను, చిన్న చిన్న స్వరాలుగా ముక్కలు చేసి. రాసింది నిజమే, వాయించింది తోడి కాదు. మనవాళ్లు వాయించుకోవడానికి మన స రి గ మ ల రాత చాలు, పక్కన గురువు ఉంటే ఇంకా మంచిది. సరళీ, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, నొట్టు స్వరాలు, ఇంతవరకు స్టాఫ్ మీద శుభ్రంగా నిలబడతాయి. స్టాఫ్ చదివే పిల్లలతో కలిసి వాయించడానికి అది చాలినంత సరంజామా.

సాహిత్యం గురించి క్లుప్తంగా. స్వరం మీద నొక్కి కంట్రోల్ ఎల్ కొడితే కింద సాహిత్యం రాసుకోవచ్చు. ఒక అక్షరం రాసి హైఫన్ కొడితే మాటలోని తరువాతి అక్షరం తరువాతి స్వరం కిందికి వెళుతుంది, మాట ముగిస్తే స్పేస్ కొట్టాలి. అక్షరం సాగాల్సిన చోట అండర్‌స్కోర్. తెలుగు బాగానే కూర్చుంటుంది, మంచి తెలుగు ఫాంటు ఒకటి ఎంచుకోండి. కానీ సాహిత్యం అయ్యాక కంప్యూటర్ భాషను మళ్లీ ఇంగ్లీషుకు మార్చడం మరవకండి. నేను మరిచాను. సి కొడతాను, ఏమీ జరగదు. ఎన్ కొడతాను, ఏమీ జరగదు. కంప్యూటర్ ఆపి, పెట్టి, వైర్లు పీకి, గుచ్చి, చివరికి ఆ పిల్లకు ఫోన్ చేశాను. "మాస్టారూ, కింద కుడివైపు మూల ఏ భాష చూపిస్తోంది?" అంది. తెలుగు అని ఉంది. పాపం నవ్వు ఆపుకుంది, అది ఫోన్లో తెలిసింది.

దిద్దుబాటుకు రెండు కళ్లూ రెండు చెవులూ కావాలి. స్పేస్ నొక్కి వింటే స్వరం తప్పులు తెలుస్తాయి. పేరు తప్పులు, స్లర్ ఎక్కడో మొదలై ఎక్కడో ముగియడం, అదే స్టాఫ్ మీద రాసే రెండో గాత్రంలో, అంటే రెండో స్వర వరసలో, దారితప్పి పడిన విశ్రాంతి గుర్తులు చెవికి తెలియవు. ఇక మనం వాయించే రాగం మనకు బాగా తెలిసిపోయి ఉంటే చెవే మోసం చేస్తుంది, తప్పున్నచోట ఒప్పు వినిపిస్తుంది. నేను చేసే పని ఒకటే. ప్రింటు తీస్తాను, ఆ రాగం తెలియని పిల్లకు ఇస్తాను, మొదటిసారి చూస్తూ వాయించమంటాను. ఆ పిల్ల ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ పెడతాను. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తడబాటు ఆ పిల్లది కాదు, నాది. అప్పుడు అసలు స్కోరులో దిద్దితే ఫ్లూటుకి, గిటారుకి, కీబోర్డుకి విడివిడిగా ఉన్న కాగితాలన్నింట్లోనూ మారిపోతుంది. నన్ను ఈ దారి పట్టించిన మాట అదే కదా, అది మాత్రం అక్షరాలా నిజమైంది.

ఫినాలే సంగతి చెబుతానన్నాను. 1988లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతా పెద్ద పెద్ద ప్రచురణకర్తలు వాడారు. 2024 ఆగస్టులో ఇక అభివృద్ధి చేయబోమని కంపెనీ ప్రకటించింది. ముప్పై అయిదేళ్లకు పైగా దాంట్లో రాసుకున్నవాళ్లు తమ ఫైళ్లను వేరేచోటికి మోసుకోవలసి వచ్చింది. అందుకు దారి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే ఉమ్మడి రూపం. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ప్రతి పాఠాన్నీ ఆ రూపంలో ఒకటి, పీడీఎఫ్ ఒకటి విడిగా దాచుకోండి. తాళపత్రాలు చెదలకు ఇచ్చుకున్న జాతి మనది, ఫైళ్ల విషయంలోనైనా జాగ్రత్త పడదాం.

వార్షికోత్సవం ఎలా జరిగిందని అడుగుతారేమో. జరిగింది. జంట స్వరాల్లో గిటారు కుర్రాడు ఒక బార్ ముందే ముగించాడు. కాగితం చూశాను, ఈసారి తప్పు కాగితానిది కాదు.

భోజనాల తరవాత వెనక గదిలో నా ల్యాప్‌టాప్ పెట్టి ఉంచుతాను. కుతూహలం ఉన్నవాళ్లు వచ్చి రెండో సరళీ స్వరం మొదటి ఆవర్తనం, ఎనిమిదంటే ఎనిమిది అక్షరాలు, మీ చేత్తో రాయండి. గుర్తుల కట్ట ముందు పెట్టను, బాణాలతోనే రాయాలి. నాలుగో స్వరం దగ్గర మీకేం వినిపించిందో నాకు చెప్పి వెళ్లండి.